తొట్టి నీళ్లలో గోదావరి

ఫరీదాబాద్‌లో కరెంటు పోయినప్పుడల్లా ఫిట్టరు ఆనందబాబు మొహం వెలిగిపోయేది. లేతు మిషన్లు ఆగగానే తోటివాళ్లను పోగేసేవాడు. "కరెంటు రాకముందు ఫ్యాక్టరీలకు మోటారేదనుకున్నారు? ఏరు! ఏరెక్కడుంటే మిల్లక్కడ. మా తాత గోదావరి కాలువ మీద పిండిమిల్లు నడిపాడు!" ఇంట్లో కూతురు కెరెన్ మాత్రం, "అచ్ఛా పాపా, బఢియా కహానీ" అని హిందీలో, మంచి కథేలే అన్నట్టు నవ్వేసేది.

2005లో అక్కడి తెలుగు క్రైస్తవ సంఘం వారి కోతపండుగ వచ్చింది. పొలాల్లేని ఊళ్లో అందరూ బజారు గుమ్మడికాయలనే దేవుడికిచ్చే ప్రథమఫలాలుగా మందిరానికి తెచ్చేవారు. ఈసారి తన చేతిమీద పుట్టిందే కానుకల బల్లమీద పెట్టాలని ఆనందబాబు పంతం పట్టాడు. తిరగలి కింద రేకు రెక్కల చక్రం బిగించి, మందిరం మేడమీది బాప్తిస్మపు తొట్టినుంచి పెరట్లోకి దిగే గొట్టం కింద నిలబెట్టాడు. ఆ ఉదయమే కెరెన్ బాప్తిస్మం. అదయ్యాక నీళ్లు ఎలాగూ వదిలేస్తారు! వృథా పోకుండా డ్రమ్ములు కూడా పెట్టాడు.

"ఏరు దొరక్క దేవుడి తొట్టికే ఎసరు పెట్టావా?" అంది ఆస్పత్రి డ్యూటీనుంచి యూనిఫాంలోనే వచ్చిన భార్య రెబ్కా.

మేడమీద పాట ముగిసి చప్పట్లు మోగాయి. బాప్తిస్మం అయిపోయిందనుకుని ఆనందబాబు తిరగలిలో గింజలు పోసి గొట్టం వాల్వు తిప్పాడు. చక్రం గిర్రుమంది, తిరగలి గుర్రుమంది, పిడికెడు పిండి రాలింది. అతను చిందులేస్తుండగానే కిటికీలోంచి తెల్లబట్టల కెరెన్ తొంగిచూసింది.

"పాపా! మేరా పానీ కహాఁ గయా?"

చప్పట్లు పాటకు మాత్రమే. కెరెన్ మునగాల్సిన నీళ్లే మాయమయ్యాయి. వెనకే పాస్టరు గొంతు: "ముందు నీళ్లు, ఆనందబాబూ! ఆ తర్వాతే నీ పిండి!"

"డ్రమ్ముల్లో భద్రంగా ఉన్నాయి అయ్యగారూ!"

పట్టుచీరలు, ఇస్త్రీ చొక్కాలు మెట్లపొడవునా బారులు తీరాయి. బక్కెట్లు చేతులు మారుతూ పైకెక్కాయి. ఒలికిన ప్రతి చుక్కకూ కేకలు, నవ్వులు.

"మీ తాత నీళ్లతో మిల్లు నడిపాడు. నువ్వు మిల్లు పేరుతో మనుషుల్ని నడిపిస్తున్నావు," అంది రెబ్కా, బక్కెట్టు అందిస్తూ.

కెరెన్ మునిగి లేచింది. తడిబట్టలతోనే పెరట్లోకి పరుగెత్తుకొచ్చి వాల్వు మీద చెయ్యి వేసి, తండ్రి గోదావరిని ఇప్పుడు చూపించమంది.

"అబ్ దిఖావో పాపా, ఆప్‌కీ గోదావరీ!"

వాల్వు తనే తిప్పింది. ఈసారి తిరగలి ఆగలేదు. చిన్న సంచి నిండేదాకా ఆనందబాబు గింజలు పోస్తూనే ఉన్నాడు. తడిచేతుల అచ్చులు పడిన ఆ సంచిని తండ్రీకూతుళ్లు చెరోవైపు పట్టుకుని మందిరంలోకి తెచ్చేసరికి, బల్లమీద గుమ్మడికాయల్ని ఎవరో అప్పటికే పక్కకు జరిపి చోటు చేశారు.