బంద్‌కు పాస్‌వర్డ్ లేదు

మీకు చెప్పకపోతే ఇక ఎవరికీ చెప్పలేను. ముప్ఫై ఏళ్ళు దాటింది. ఒక మాట గొంతులో చేపముల్లులా ఇరుక్కుంది. మింగలేను, కక్కలేను. మీరు నాకేమీ కారు. అందుకే మీకు రాస్తున్నాను.

ఎనభైల్లో వరంగల్‌లో ఒక కాలేజీ కంప్యూటర్ సెంటర్లో పనిచేసేవాణ్ణి. కాలేజీ మొత్తానికీ ఒకటే యంత్రం, బీరువా అంత ఉండేది. చెప్పులు బయట విడిచి పోవాలి. తెర మీద పేరు కొట్టి, పాస్‌వర్డ్ కొడితేనే పని చేయనిచ్చేది. దాన్ని ఆపడానికి మాత్రం పేరు అడిగిన చోట ఇంగ్లీషు అక్షరాల్లో 'బంద్' అని కొడితే చాలు. పాస్‌వర్డ్ అడగదు. ఆ ఏర్పాటు నాదే. మన కరెంటు సంగతి తెలిసిందే కదా, వోల్టేజీ పడిపోతుంటే పాస్‌వర్డ్ తెలిసినవాడి కోసం ఎక్కడ వెతుకుతాం? దగ్గరున్నవాడెవడైనా సరిగ్గా ఆపగలగాలన్నాను. అది తప్పు వాదనా? ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆపరేటర్ దేవదానమన్నకు అది నచ్చలేదు. లోపలికి రావడానికి ఇన్ని అడిగేది, అందరి పనీ ఆపేటప్పుడు ఒక్కటీ అడగదా అనేవాడు. ఆయనది హసన్‌పర్తి. నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. టెంపరరీ ఉద్యోగం, ఆ నెలలోనే పర్మనెంట్ చేస్తామన్నారు.

మేడారం జాతర రోజులు. ఆ మధ్యాహ్నం ఆయన బిడ్డకు జ్వరం. దవాఖానకు తీసుకుపోయి అర్ధగంటలో వస్తానని, అందాకా యంత్రాన్ని చూస్తుండమని నన్ను అడిగి పోయాడు. సరేనన్నాను. బస్టాండులో మా అమ్మ మొక్కు బెల్లంతో ఎదురుచూస్తోంది. గంట దాటింది. ఆయన రాలేదు. యంత్రం నడుస్తుండగా గది వదలకూడదు. ఆపితే వదలొచ్చు. బంద్ అని కొట్టాను. తాళం వేసి బస్సెక్కాను.

లోపల ఒక లెక్చరర్ సారు థీసిస్ లెక్క మూడు రోజులుగా నడుస్తోంది. మొత్తం పోయింది. తెర మీద యంత్రం పేరు అడుగుతూ ఉంది కాబట్టి లోపల ఎవరి పనీ లేదనుకున్నానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అబద్ధం. డిస్కు లైటు మిణుకుమిణుకుమంటోంది, అంటే లోపల పని నడుస్తోంది. చూశాను. చూసే కొట్టాను.

ఎవరు ఆపారో యంత్రం రాసుకోలేదు. 'బంద్' అని మాత్రమే రాసుకుంది. డ్యూటీ దేవదానమన్నది. తమ్ముడికి, అంటే నాకు, అప్పజెప్పి పోయానని ఆయన చెప్పాడు. పెద్దసారు నన్ను పిలిచి అడిగితే, నేను పొద్దున్నే జాతరకు పోయానన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో! వారం తిరక్కుండా ఆయన్ను తీసేశారు.

పోయేరోజు వరండాలో నా ఎదురుగా నిలబడ్డాడు.

"తమ్మీ, నువ్వేనా బంద్ చేసింది?"

"నాకు తెల్వదన్నా. సమ్మక్క తోడు."

"ఒట్టెందుకు తియ్. తెల్వదంటె తెల్వదే."

జేబులోంచి కాగితం పొట్లం తీసి జాతర బెల్లం ఆయన చేతిలో పెట్టాను. "బంగారం, తీసుకో అన్నా" అన్నాను. మేడారం బెల్లాన్ని మేమలాగే అంటాం. చర్చికి పోయే మనిషి, మొక్కు బెల్లం తినడు. అది తెలిసే పెట్టానా? ఆయన మాత్రం నా మాట తీసెయ్యలేక రుమాల్లో జాగ్రత్తగా ముడేసుకున్నాడు. ఆ ముడి నాకు కళ్ళ ముందు నుంచి పోదు. తర్వాత నెక్కొండలో సైకిళ్ళు బాగుచేస్తున్నాడని విన్నాను. నెక్కొండ ఎంత దూరం? ఒక్కసారి కూడా పోలేదు. ఇప్పుడు పోదామన్నా ఆయన లేడు.

ఆ తర్వాత బంద్‌కు పాస్‌వర్డ్ పెట్టమన్నారు. నన్నే పెట్టమన్నారు. వేళ్ళకు ఇంకేమీ రాలేదు, ఆయన పేరే పెట్టాను. ఆ యంత్రం పాతబడి మూలకు చేరేదాకా, రోజూ సాయంత్రం ఆయన పేరు కొట్టి దాన్ని ఆపాను. పాస్‌వర్డ్ కొడితే అక్షరాలు తెర మీద కనబడవు కదా. ఎవరికీ కనబడలేదు.

ఇవాళ కనబడేట్టు రాస్తున్నాను. దేవదానమన్న కాదు. బంద్ చేసింది నేను.