అవ్వ మీద వేసిన తప్పు

పల్లె నుంచి దవాఖానకు పదకొండు కిలోమీటర్లు; నాలుగో కిలోమీటరు దగ్గర వంతెన లేని వాగు. మహదేవపూర్ వైపు ఆ దారిని కొలిచిన సర్వేయరును నేనే. ఎమర్జెన్సీ ముగిసిన మరుసటి వానాకాలం నా బస ఆ పల్లెలోనే.

అక్కడ కాన్పులు చేసే అవ్వ, గర్భిణి పొట్టను తాకేముందు తన అరచేతులను నిప్పుల సెగకు కాచుకునేది. "సల్లటి చెయ్యి తాకితె లోపల బిడ్డ ఉలికిపడ్తది సారూ" అనేది.

ఒక ఉదయం ఆరున్నరకు, నొప్పులు పడుతున్న ఒక కూలీ భార్య పొట్ట తడిమి, అవ్వ వెంటనే లేచింది. "బిడ్డ అడ్డం తిరిగింది. గిది నాతోని గాదు. మంచమెత్తుండ్రి, దవాఖానకు నడువుండ్రి!"

ఏడూ నలభైకి, మంచం మోసుకుపోతున్న మమ్మల్ని పొంగిన వాగు ఆపింది. వరద మధ్యాహ్నం రెండింటికి తగ్గింది. తల్లీ బిడ్డా అప్పటికే లేరు.

నెల తర్వాత విచారణకు వచ్చిన ఆరోగ్యశాఖ అధికారి, ఆ ఊరి నర్సు పోస్టు రెండేళ్లుగా ఖాళీగా ఉందని తెలిసీ, మరణకారణం గడిలో "శిక్షణ లేని మంత్రసాని నిర్వాకం" అని రాశాడు. ఏ పరికరమూ లేకుండా ప్రమాదాన్ని క్షణంలో పసిగట్టిన మనిషి మీద ఆ మాట!

"వాగు సంగతి కూడా రాయండి" అన్నాను.

"వాగు మా శాఖ కాదండీ."

అవ్వ ముందుకొచ్చింది. "దవాఖానకు పొమ్మన్నది నేనే గద సారూ! గది రాసినవా?"

అతను కలం మూసి జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత అవ్వ ఏ కాన్పుకూ పోలేదు. మొత్తం నష్టం: ఒక తల్లి, ఒక బిడ్డ, ఆ ఊరికున్న ఒకే ఒక్క మంత్రసాని.