నలుగురు చెప్పిన మాట

తెనాలిలో మాకు చరిత్ర చెప్పిన మాస్టారిది లూథరన్ కుటుంబం. ఆదివారం చర్చిలో కూర్చుని, క్రీస్తు కథ చెప్పే నాలుగు సువార్తల్లో ఒకదానితో ఒకటి పొసగని చోటల్లా బైబిలు అంచున పెన్సిలుతో ప్రశ్నగుర్తు పెట్టేవారు. "మీరు నమ్మరా సార్?" అని అడిగితే, "సరిచూడకుండా ఎలా నమ్మనమ్మా?" అని నవ్వేవారు.

ఆయన ఒక్కగానొక్క కొడుకు నలుగురు స్నేహితులతో సూర్యలంక వెళ్లి సముద్రంలో మునిగిపోయాడు. నెల తర్వాత పలకరించడానికి వెళ్లాను. మాస్టారు బైబిలు ముందు పెట్టుకుని, ఆ గుర్తుల్ని రబ్బరుతో చెరిపేస్తున్నారు.

"ఏంటి సార్ ఇది?"

"ఆ నలుగురూ వచ్చి నాలుగు రకాలుగా చెప్పారమ్మా. అల లాగేసిందని ఒకడు, లోతు తెలియక దిగాడని ఇంకొకడు. ఏడుస్తూ చెప్పారు, ఎవరూ అబద్ధమాడలేదు. మాటలు కలవకపోతే మాత్రం మావాడు పోయింది నిజం కాకుండా పోతుందా?"

"అయితే ఇప్పుడు బైబిల్ని నమ్ముతున్నారా సార్?"

ఆయన రబ్బరు పొడిని ఊది, పేజీ తిప్పారు.

"క్రీస్తు చనిపోయాడన్నంతవరకు నమ్ముతున్నానమ్మా. తిరిగి లేచాడన్న చోటే గుర్తు చెరపడానికి చెయ్యి ఆడటం లేదు."