చిలక మార్కా

పొద్దున్నే పేపరు చదవడం మా ఆయనకు ఉద్యోగం. రిటైరయ్యాక మిగిలింది అదొక్కటే కాబట్టి పక్కింటికి కూడా వినబడేటట్టు శ్రద్ధగా చేస్తాడు. ఇవాళ మాత్రం మధ్యలో ఎందుకో గొంతు తగ్గించాడు. నేను కందిపప్పులో రాళ్లు ఏరుతున్నాను. “ఏందే, గా రెండు కంపెనీలు రాజీకొచ్చినయట. బొమ్మ కోసం పైకోర్టు దాంక పోయి కొట్టుకున్నయి జూడు, ఇగ ఎవరి పిట్ట వాళ్లదేనట,” అన్నాడు. నేను పళ్లెం కింద పెట్టేశాను. ఇన్నేళ్లయినా ఆ పిట్టల మాటెత్తితే చాలు, నాకు చేతిలో పని ముందుకు సాగదు. బేగంబజార్ మూల మీద లైనింగులూ ఫాల్సులూ అమ్ముకుంటూ మ్యాచింగ్ సెంటర్ నడిపే ఆడదానికి కంపెనీల తగాదాతో ఏం పనమ్మా అని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. ఆ తగాదా మా ఇంట్లోకి ఎట్లా వచ్చిందో చెప్తే నవ్వు దానంతటదే ఆగిపోతుంది.

మా మేనత్త ఇల్లు మాదన్నపేటలో, కూరగాయల మార్కెట్ వెనక గల్లీలో. పక్కనే పాల డైరీ. బర్రెల వాసన, పచ్చిగడ్డి వాసన, పొద్దునపూట కాగే పాల వాసన అన్నీ కలిసి ఆ ఇంట్లో గోడలకు పట్టేసి ఉండేవి. మామకు బేగంబజార్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణం ఉండేది. బిందె మీద ఒక్క దరువు వేసి రేకు ఎంత మందమో చెప్పేవాడు. అట్లాంటి మనిషికి పెద్దతనంలో మతిమరుపు జబ్బు వచ్చింది. మొదట్లో చాయ్ తాగి, ఇంకా చాయ్ ఇయ్యలేదేమని అడిగేవాడు. మేం నవ్వేవాళ్లం, ఆయనా నవ్వేవాడు. తర్వాత తర్వాత దుకాణానికి టైమైందంటూ చెప్పులేసుకుని బయలుదేరడం మొదలైంది. దుకాణం ఎప్పుడో తమ్ముడి కొడుకులకు అప్పజెప్పిన సంగతి ఆయనకు గుర్తు లేదు. గల్లీ చివరి దాకా వెళ్లి, ఏ పక్కకు తిరగాలో తెలియక నడి బజార్లో నిలబడిపోయేవాడు.

పిల్లలు లేని ఇల్లు, చూసుకునేది అత్త ఒక్కతే. ఆమెకు కంటి మీద కునుకు లేకుండా పోయింది. డైరీ అన్న ఒక బర్రె మెడ గంట తెచ్చిచ్చాడు, గొళ్లానికి కట్టుకొమ్మని. గొళ్లెం తీస్తే గణగణ మోగాలన్నమాట. మామ ఏం చేసేవాడో తెలుసా? గంటను అరచేత్తో గట్టిగా పట్టుకుని, చప్పుడు కాకుండా గొళ్లెం తీసి, గంటను మళ్లీ మెల్లగా వదిలి వెళ్లేవాడు. భార్య పేరు మరిచిపోయిన మనిషికి ఈ తెలివి ఎక్కడ మిగిలిందో నాకిప్పటికీ అర్థం కాదు. అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది, మళ్లీ అదే నోటితో, “దొంగ ముండాకొడుకు, ఎంత హుషారున్నడో జూడు,” అని మురిసిపోయేది.

అప్పుడు కొన్నాం, మనిషి జాడ చెప్పే బిళ్లను. రూపాయి బిళ్లకు కాస్త పెద్దది. నల్ల దారంతో మామ మెడలో కట్టేశాం. చుట్టుపక్కల ఎవరి ఫోన్ ఉన్నా దాని ద్వారా జాడ పంపిస్తుంది, మన ఫోన్‌లో ఆ కంపెనీ బొమ్మ నొక్కితే మ్యాపు తెరుచుకుని ఎర్ర చుక్క కనిపిస్తుంది. ఇట్లాంటివి రెండు కంపెనీలు అమ్మేవి. ఒకటి పేరుమోసిన పెద్ద కంపెనీ, దాని గుర్తు తెల్లటి గుండ్రంలో పచ్చటి పిట్ట. రెండోది నిన్నమొన్న పుట్టిన చిన్న కంపెనీ, దాని గుర్తు తెల్లటి గుండ్రంలో పచ్చటి చిలక. నేను చిలకనే తీసుకున్నాను. ధర తక్కువ కావడం ఒక కారణమైతే, అసలు కారణం మా అత్త. ఆమెకు చదువు రాదు. పసుపు కొన్నా, సబ్బు కొన్నా, అగ్గిపెట్టె కొన్నా బొమ్మను చూసే కొనేది. గుర్రం మార్కా, గంట మార్కా, రెండు నెమళ్ల మార్కా అంటూ దుకాణంలో వేలు చూపించేది. “నాకు అచ్చరాలు రావు గని, బొమ్మ ఒక్కసారి కంట్ల పడ్డదంటె మర్వనే మర్వ,” అనేది. ఎర్రటి వంకర ముక్కున్న చిలకైతే ఆమె కంటికి తప్పదనుకున్నాను.

తప్పలేదు కూడా. నిద్ర లేచీ లేవగానే “చిలకను అడుగుత” అంటూ ఫోన్ తీసేది. మామ ఎదురుగా కూర్చుని అటుకులు తింటున్నా సరే, చిలకను నొక్కి, చుక్క తన ఇంటి మీదే ఉందని చూసుకుని, అప్పుడు గానీ పొయ్యి దగ్గరకు పోయేది కాదు. మా ఆయన “మీ అత్త చిలక జోస్యం జూసుడు అయిందా?” అని ఏడిపించేవాడు. ఆయనది పెద్ద కంపెనీ పక్షం. స్కూటర్ తాళంచెవికి వాళ్ల బిళ్లే వేలాడదీసుకుని, అదేదో తాత ఇచ్చిన ఉంగరం అన్నట్టు అందరికీ చూపించేవాడు.

ఇంతలో పెద్ద కంపెనీ కోర్టుకెక్కింది. మా పిట్టను చూసి వాళ్లు చిలకను పెట్టుకున్నారు, కొనేవాళ్లు తికమక పడుతున్నారు అని. ఇక డైరీ ముందు బల్ల మీద చాయ్ తాగేవాళ్లు రెండు పార్టీలయ్యారు. ఎన్నికలప్పుడు కూడా అంత లొల్లి చూడలేదు నేను. “ఆకాశంల ఎగిరే చిలుక ఎవని జాగీరు? పెద్దోడు చిన్నోన్ని తొక్కుడు గాకపోతే!” అని నేనంటే, “పేరు తెచ్చుకునేటందుకు వాళ్లు మస్తు కష్టపడ్డరు. ఇంకోడు గసొంటి బొమ్మనే పెట్టుకుని అమ్ముకుంటె దొంగతనం గాదా?” అని మా ఆయన. “మా బర్రెలన్ని నల్లగనే ఉంటయి, గట్లని పక్క డైరీవాడు నా మీద కేసు ఏసిండా?” అని డైరీ అన్న నా తరఫున మాట్లాడాడు. తికమక పడిన మనిషిని ఒక్కణ్ని చూపించు, చూస్తాను అని మా ఆయన మీదకు లేచాను. అప్పుడు డైరీ అన్న మెడ గోక్కుంటూ, “చెల్లె, నేనైతె పెద్ద కంపెనీది అనుకునే గీ చిలుకది కొన్న. ఇంటికి పొయినంక మా పిల్లగాండ్లు జెప్పిన్రు,” అన్నాడు. మా ఆయన బల్ల చరుస్తూ నవ్విన నవ్వు నేను ఈ జన్మలో మరిచిపోను. అత్త మాత్రం ఏ పార్టీలోనూ చేరలేదు. “ఏ పిట్టయితేంది, మీ మామను సూపెడితె సాలు,” అని లోపలికి వెళ్లిపోయింది.

తీర్పు ఏమైందో నేను పట్టించుకోలేదు. పెళ్లిళ్ల సీజను, జాకెట్టు ముక్కల కోసం కొట్లో ఊపిరాడని గిరాకీ. ఒకామె మూడు రకాల గులాబీ రంగు ముందేసుకుని తేల్చుకోలేక చంపుతుంటే అత్త ఫోన్ వచ్చింది. ఎత్తగానే ఒకటే ఏడుపు. “బిడ్డా, చిలక ఎగిరిపోయిందే! ఇంట్ల లేదే! ఎగిరిపోయిందే బిడ్డా!” అంతే, కట్ అయింది.

మన ఇళ్లల్లో ఆ మాటకు ఇంకో అర్థం ఎవరికి రాదో చెప్పండి. చిలకంటే ప్రాణమే కదా. మామ పోయాడు. ఆ గులాబీ రంగు ఆమె ఎవరో, ఏం తీసుకుందో, షట్టర్ ఎవరు దించారో కూడా నాకు తెలియదు. ఆటోలో కూలబడి మా ఆయనకు ఫోన్ చేసి, “మామ పోయిండు,” అని ఒక్క మాట చెప్పగలిగాను. దారి పొడుగునా ట్రాఫిక్. ఏడుస్తున్న నన్ను అద్దంలో చూసి ఆటో భాయ్ “ఫికర్ మత్ కరో అమ్మా” అంటూ సందుగొందుల్లోంచి తీసుకెళ్లాడు. నేను మామ ముఖం గుర్తు తెచ్చుకుంటున్నాను. ఆఖరిసారి చూసినప్పుడు నన్ను గుర్తుపట్టక, ఏ దుకాణం నుంచి వచ్చినవమ్మా అని అడిగాడు.

గల్లీలోకి తిరిగితే ఇంటి ముందు మనుషులు లేరు. చాప లేదు, మంట లేదు. అత్త ఒక్కతే వంకాయ రంగు చీరలో, తడి జుట్టుతో, ఫోన్ పట్టుకుని నడి గల్లీలో అటూ ఇటూ తిరుగుతోంది. మీద పడి ఏడవబోయాను. “మామ ఏడి?” అంటే, “గదే గదా నేనంటున్న! తానానికి పొయిన. వచ్చేసరికి మీ మామ లేడు. చిలకను అడుగుదమంటె చిలక గూడ లేదు!” అంది. మామ చనిపోలేదన్న సంతోషం నాకు ఒక్క నిమిషం కూడా దక్కలేదు. చనిపోయిన మనిషైతే ఉన్నచోటే ఉంటాడు. దారి తెలియని ముసలాయన, షుగర్ మందు వేసుకోని మనిషి, ఎండలో ఏ రోడ్డు మీద, ఏ బస్సు ముందు ఉన్నాడో?

ఫోన్ లాక్కుని చూశాను. నిజంగానే చిలక లేదు. అత్త ఫోన్ నిండా ఏవేవో బొమ్మలు, దేవుళ్లు, పాటలు, అప్పులిస్తామనేవాళ్లు. పైకీ కిందకీ జరుపుతున్నాను, చేతి చెమటకు తెర సరిగా కదలడం లేదు. నాకు అక్షరాలు వచ్చు కదా, ఆ కంపెనీ పేరేమిటో గుర్తుంటేగా! నేనూ ఇన్నాళ్లూ చిలక అనే అన్నాను తప్ప పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. పక్కన డైరీ అన్న నలుగురిని నాలుగు దిక్కులకు పంపి, తను మార్కెట్‌లోకి పరిగెత్తాడు. అత్త “నేనే నొక్కరానిది ఏదో నొక్కిన, నేనే పోగొట్టిన,” అని నెత్తి కొట్టుకుంటోంది.

అప్పుడొచ్చాడు మా ఆయన. ఒక చేతిలో ఇంత లావు పూలదండ. అత్తను చూసి, ఇల్లు చూసి, విషయం వినగానే దండ వీపు వెనక్కి వెళ్లింది. మరుక్షణం ముఖం మారిపోయింది. “చిలుక యాడికి పోలేదే. వాళ్లు కేసు ఓడిన్రు. బొమ్మా, పేరు రెండూ మార్సమని కోర్టు జెప్పింది, పేపర్ల వచ్చింది. నారింజ రంగు గుండ్రం ఉంటది, మధ్యల తెల్ల గీత, జూడు!” అని నా చేతిలోంచి ఫోన్ గుంజుకున్నాడు. ఉంది. చిలక ఉండాల్సినచోటే కమలాపండు లాంటిది ఒకటి ఉంది. అత్త దాన్ని ఇందాకటినుంచి చూస్తూనే ఉందట, ముట్టుకోలేదట, అది తనది కాదని.

నొక్కితే కొత్త షరతులకు ఒప్పుకొమ్మంది. ఒప్పుకున్నాం. నంబరు పంపిస్తాం, కొట్టమంది. కొట్టాం. గుండ్రంగా తిరుగుతూనే ఉంది, తిరుగుతూనే ఉంది. ఆ కాసేపట్లో నేను మొక్కని దేవుడు లేడు, తిట్టని కంపెనీ లేదు. చివరికి చుక్క వచ్చింది. దబీర్‌పురా రైల్వే స్టేషన్ మీద. అదీ ఇప్పటి చుక్క కాదు, కాసేపటి కిందటిదని కింద రాసి ఉంది. స్టేషనంటే రైలు పట్టాలు. అత్తకు మ్యాపు చదవడం రాదు కానీ మా ముఖాలు చదివింది.

మా ఆయన స్కూటర్ మీద ముందు, మేం ఆటోలో వెనక. దారిలో నా ఫోన్ మోగుతూనే ఉంది. మా ఆయన అప్పటికే చుట్టాలందరికీ చెప్పేశాడు మరి. “శవాన్ని ఎప్పుడు లేపుతరు?” అని ఒకరు, “మేం వచ్చేదాంక ఆపున్రి,” అని ఇంకొకరు. ఏం చెప్పను? పక్కన అత్త వింటోంది. “తర్వాత జేస్త,” అని పెట్టేస్తూ వచ్చాను. అత్త నా మోకాలు పట్టుకుని, స్టేషన్ వచ్చేదాకా వదల్లేదు. వేళ్ల గుర్తులు మర్నాటికి కూడా కమిలి ఉన్నాయి.

ప్లాట్‌ఫారం చివర సిమెంటు బల్ల మీద కూర్చుని ఉన్నాడు మామ. చెప్పులు విప్పి పక్కన వరసగా పెట్టుకున్నాడు. అక్కడికి ఎందుకు వెళ్లాడో ఎవరికీ తెలియదు. మా ఆయన ఎదురుగా నిలబడి వగరుస్తున్నాడు, స్కూటర్ మీద వదిలేయాల్సిన దండ కంగారులో ఇంకా చేతిలోనే ఉంది. మామ ఆ దండను చూసి, పాపం అన్నట్టు మొహం పెట్టి, “ఎవరు పోయిన్రు భాయ్?” అని అడిగాడు. మా ఆయన అటు తిరిగి నిలబడ్డాడు. నన్ను చూసినా మామకు ఏమీ తోచలేదు. నా వెనక వస్తున్న అత్త మీద మాత్రం చూపు ఆగింది. “గా వంకాయ రంగు చీరామె మా ఇంటామె. ఆమె వచ్చింది, నేను పోత,” అని లేచి చెప్పులు వేసుకున్నాడు.

ఆ మాట అత్త ఎక్కడ దాచుకుందో నాకు ఆ రోజు తెలియలేదు. మర్నాడు నా కొట్టుకు వచ్చి, అదే రంగులో ఎన్ని చీరలుంటే అన్ని కావాలంది. నా దగ్గర ఉండేవి జాకెట్టు ముక్కలే. బజారంతా తిరిగి, ఒక్క పిసరు కూడా రంగు తేడా లేని చీరలు వెతికి తెచ్చాం. అప్పటినుంచి ఇంట్లో, గుళ్లో, పెళ్లిలో ఎక్కడైనా అదే రంగు. ఆడవాళ్లు నవ్వితే, “కంపెనీలోళ్లు మార్సుకుంటె మార్సుకోనీ, నేనైతె మార్వ,” అనేది. నవ్విన ఆడవాళ్లకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, ఆమె చెప్పేదీ కాదు. మామకు చివరి రోజుల్లో మాట పోయింది, మింగడం పోయింది. ఆ రంగు గుమ్మంలో కనబడితే మాత్రం చెయ్యి కాస్త లేచేది.

మామ పోయి ఇప్పటికి ఏళ్లయింది. పోయినప్పుడు ఎవరూ ఫోన్ చేసి చిలక మాట ఎత్తలేదు, మామూలుగానే చెప్పారు. మొన్న దసరాకి అత్తకు ఒక జరీ అంచు తెల్ల చీర తీసుకెళ్లాను. మురిపెంగా తడిమి చూసి, మడత పెట్టి, నా ఒళ్లోనే పెట్టేసింది. “ఇన్నేండ్లయింది గదా అత్తమ్మా, ఇంకా అదే రంగు ఎందుకు?” అన్నాను. “ఉండనీ బిడ్డా. ఏడన్నా ఎతుకుతున్నడేమో,” అంది. నేను చీరను మళ్లీ సంచిలో పెట్టుకున్నాను. లోకంలో కాలం గడుస్తూనే ఉంటుంది కానీ, ఒక్కొక్క మనిషి దగ్గర అది ఎవరో వచ్చేదాకా ఆగి కూర్చుంటుంది, పొమ్మని మనం చెప్పలేం.