తాగలేదని ఒక కాయితం

2023 మే నెల. హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీలో నేను ఇన్‌ఛార్జ్ నర్సుని. క్యాజువాలిటీ అంటే యాక్సిడెంట్లు, గుండెపోట్లు, పాముకాట్లు, ఏదైనా సరే ముందుగా వచ్చి పడే గది. అప్పటికి నా సర్వీసు పందొమ్మిదేళ్లు. మట్టెవాడ నుంచి ఆటోలో వచ్చి ఉదయం ఏడున్నరకు డ్యూటీ ఎక్కేదాన్ని. ఆ నెలలో పది దాటిందంటే చాలు, వడదెబ్బ కేసులు వరస కట్టేవి.

ఆ రోజు పదకొండింటప్పుడు ఇద్దరు మనుషులు ఒకతన్ని ఆటోలోంచి మోసుకొచ్చి స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. నలభై నాలుగేళ్లుంటాయి. చొక్కా ఇంకెవరిదో తొడుక్కున్నట్టు వేలాడుతోంది. నుదురు చిట్లి రక్తం కారుతోంది. వెనకాలే అతని భార్య చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది. మోసుకొచ్చిన వాళ్లలో ఒకతను మా సెక్యూరిటీ గార్డుతో అన్నాడు:

"కాశిబుగ్గ చౌరస్తల పడ్డడు. పొద్దుగాల్నే ఎక్కించినట్టుండు."

ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేదు గానీ ఆ మాట నమ్మాను. ఆ మనిషిని నేను ఎరుగుదును. పేరు రాజమౌళి. చేనేత సంఘం షెడ్డులో జంపఖానాలు నేస్తాడు. ఐదు రోజుల కిందట కూడా ఇలాగే పడిపోయి మా దగ్గరికే వచ్చాడు. అప్పుడు డ్యూటీ డాక్టర్ కేస్ షీట్‌లో 'ఆల్కహాల్' అని రాసి, ముందు ఒక క్వశ్చన్ మార్క్ పెట్టాడు. అనుమానం అని దానర్థం. సెలైన్ పెట్టింది నేనే. సీసా అయిపోయేసరికి అతను లేచి కూర్చున్నాడు, పంపేశాం. వెళ్లేముందు అతను నాతో ఏదో చెప్పబోయాడు. పక్క బెడ్‌లో బైక్ యాక్సిడెంట్ కేసు ఉంది. నేను వినలేదు.

ఈసారీ అదే డాక్టర్. తల కూడా పూర్తిగా తిప్పకుండా అన్నాడు: "రిపీట్ కేసే కదా సిస్టర్. కుట్లు వేద్దాం. ఒక సెలైన్ పెట్టి పంపించేయండి."

అప్పుడు అతని భార్య సుగుణ గొంతు లేచింది.

"సారూ, ఆయన తాగలే. ఏడాది దాటింది సుక్క ముట్టక. మొన్న గూడ తాగలే. మీరు ఆయన మొకం దగ్గరికి అచ్చి సూసిండ్రా? సూడకుంటనే రాసిండ్రు!"

డాక్టర్ విననట్టే గ్లవ్స్ తొడుక్కుంటున్నాడు. నేను వంగి చూశాను. మందు వాసన లేదు. ఎండిపోయిన నాలుక, పగిలిన పెదవులు. ఐదు రోజుల కిందట కూడా ఇంతే ఉండి ఉంటుంది. ఈ వంగడమేదో అప్పుడే చేయడానికి నాకేం అడ్డమొచ్చింది?

"ఈయనకు ఏమన్న ఆపరేషన్ అయిందా అక్కా?" అని అడిగాను.

సుగుణ భర్త వైపు చూసింది. అతను కళ్లు మూసుకునే, "చెప్పు," అన్నాడు.

"బరువు తగ్గే ఆపరేషన్, సిస్టర్. హైదరాబాద్ల. నెలన్నరాయె. వాడకట్టోళ్లకు కడుపుల గడ్డ తీసిండ్రని చెప్పినం. నవ్వుతరని."

చొక్కా పైకి తీశాను. పొట్ట మీద ఐదు చిన్న గాట్లు, ఇంకా ఎర్రగానే ఉన్నాయి. స్లీవ్ సర్జరీ అంటారు దాన్ని. జీర్ణాశయంలో చాలా భాగం కోసి తీసేసి, అరటిపండంత సన్నని గొట్టాన్ని మిగులుస్తారు. మనిషి తినేదీ తాగేదీ ఒక్కసారిగా తగ్గిపోతాయి. రాజమౌళిది గుంట మగ్గం. నేతగాడు గుంటలోకి కాళ్లు దించి కూర్చుని నేయాలి. నూట ఇరవై ఎనిమిది కిలోల ఒళ్లుతో అతను అందులో దిగితే ఇద్దరు పట్టుకుని లాగితే గానీ బయటికి రాలేకపోయేవాడట. మగ్గం మానలేక, పొట్ట కోయించుకున్నాడు.

"ఏమేం గోలీలు వేస్తున్నవక్కా?"

సుగుణ సంచిలోంచి స్టీలు డబ్బా తీసింది. బీపీకి మూడు రకాలు. అందులో ఒకటి నీటి గోలీ, ఒంట్లోని నీటిని మూత్రంగా బయటికి పంపేది. షుగర్‌కు ఇంకొకటి. అన్నీ ఆపరేషన్‌కు ముందు నూట ఇరవై ఎనిమిది కిలోల మనిషికి రాసిన డోసులు.

"ఒక్కపూట గూడ తప్పియ్యలే సిస్టర్. నా చేతులతోనే ఏస్తున్న."

"నీళ్లు ఎన్ని తాగుతున్నడు?"

"రెండు గుక్కలు తాగంగనే గుండెల కాడ పట్టుకుంటదంటడు. పొద్దుందాక ఒక్క చెంబు గూడ పోదు."

నాకు విషయం అర్థమైంది. వేలి చివర గుచ్చి స్ట్రిప్ మీద షుగర్ చూశాను. అరవై ఒకటి. తక్కువ. పడుకోబెట్టి చూస్తే బీపీ పై అంకె నూట ఆరు. ఆయాను ఒక పక్క పట్టుకోమని నేనొక పక్క పట్టుకుని అతన్ని నిలబెట్టాను. నిమిషం తిరక్కముందే డెబ్బైకి పడిపోయింది. రాజమౌళి కళ్లు తేలేసి, మా చేతుల మీదే ఒరిగిపోయాడు. దీన్ని పోస్చురల్ బీపీ చూడటం అంటారు. మిషన్లు అక్కర్లేదు. బీపీ పట్టీ, రెండు నిమిషాలు, చూడాలన్న బుద్ధి ఉంటే చాలు. ఆ మనిషి గుంటలోంచి లేచినప్పుడల్లా, బస్సు దిగినప్పుడల్లా తలకు రక్తం అందక పడిపోతున్నాడు. మేం మాత్రం సారా ఖాతాలో రాసేశాం.

పెద్ద డాక్టర్‌ను పిలిపించాను. ఆయన వచ్చి నాలుగు గోలీలూ అప్పటికప్పుడు ఆపేయించారు. ఇలాంటి ఆపరేషన్ అయి సరిగ్గా తినని వాళ్లకు గ్లూకోజ్ ఎక్కించేముందు బి-వన్ విటమిన్ ఇవ్వాలి, లేకపోతే మెదడుకు ప్రమాదం అన్నారు. ఐదు రోజుల కిందట నేను పెట్టింది ఉత్త సెలైన్ కావడం మా అదృష్టం. చేతిలో గ్లూకోజ్ సీసా ఉంటే అదే పెట్టేదాన్నేమో. లోపల రక్తస్రావం లేదని తేల్చడానికి రక్తపరీక్షలు, స్కాన్ రాసి, క్యాజువాలిటీని ఆనుకుని నా కిందే ఉన్న వార్డులో అడ్మిట్ చేసుకున్నారు.

సుగుణ ఇచ్చిన ఫైల్ మీద హైదరాబాద్ ఆసుపత్రి కోఆర్డినేటర్ నంబర్ ఉంటే ఫోన్ చేశాను. రోగులతో మాట్లాడటానికి పెట్టిన ఉద్యోగి. గొంతు చాలా తియ్యగా ఉంది.

"డిజీనెస్ కామన్ మేడమ్. ప్రొటీన్ పౌడర్ తీసుకోమనండి."

"మనిషి రెండుసార్లు పడిపోయిండమ్మా. బీపీ గోలీలు ఎందుకు తగ్గించలేదు?"

"అది సమ్మరీలో రాసే ఇస్తాం మేడమ్. వాళ్లే ఫాలో అవ్వలేదు."

ఫోన్ పెట్టేశాక సుగుణ చెప్పింది. కళ్లు తిరుగుతున్నాయని తను ఆ నంబర్‌కు మూడుసార్లు ఫోన్ చేసిందట. ప్రతిసారీ "నార్మలే" అన్నారట. "పోటువలు మాత్రం పంపమన్నరు సిస్టర్. ముందుగాలది, ఇప్పటిది. పోస్టర్‌ల ఏస్తరంట."

ఆ ఫైల్‌లోనే ఉన్న డిశ్చార్జ్ సమ్మరీ తెరిచాను. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితాలు అవి. మూడో పేజీ అడుగున, చీమంత అక్షరాల ఇంగ్లీషులో ఒక్క వాక్యం ఉంది. వారంలోగా దగ్గరి డాక్టర్‌ను కలిసి బీపీ, షుగర్ మందులు మార్పించుకోవాలని. సుగుణ తెలుగు చదవగలదు. ఇంగ్లీషు రాదు. నేను తెలుగులో చదివి చెప్పాను.

ఆమె ఆ లైన్ మీద వేలు పెట్టింది.

"అంటే... నేనే పడగొడుతున్ననా సిస్టర్ ఆయన్ని? నా చేతులతోని?"

ఈ ప్రశ్నకు నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఆ కాగితం రాసినవాడికి రావలసిన ప్రశ్న అది. ఫోన్‌లో నార్మల్ అన్నవాళ్లకు రావలసింది. వంగి చూడని నాకు రావలసింది. తప్పు చేయని ఒక్క మనిషే దాన్ని నెత్తిన వేసుకుంది.

"నువ్వు కాదక్కా. నీకు చెప్పాల్సినోళ్లు చెప్పలే. మేం గూడ మొన్న అడగలే," అన్నాను. ఆమె నమ్మిందో లేదో తెలియదు.

రెండు రోజుల్లో రాజమౌళి తేరుకున్నాడు. చిన్న గ్లాసుతో పది నిమిషాలకొక గుక్క తాగడం నేర్పాను. లేవాలంటే ముందు కూర్చోవాలి, కాసేపాగాలి, ఏదైనా పట్టుకుని నిలబడాలి, అప్పుడు అడుగు వేయాలి. షుగర్ గోలీ అవసరం లేకుండా పోయింది. బీపీకి చిన్న డోసు ఒకటి మాత్రం మళ్లీ రాస్తామేమో, వారం ఆగి చూద్దాం అన్నారు పెద్ద డాక్టర్.

వెళ్లే రోజు అతను నన్ను పిలిచాడు.

"సిస్టర్, నేను తాగలేదని ఒక కాయితం రాసియ్యరాదుండ్రి?"

"ఎందుకన్నా?"

"చౌరస్తల పడ్డప్పుడు ఎవడో వీడియో దీసి మా సంఘం గ్రూపుల ఏసిండు. తాగుబోతోనికి నూలు ఇయ్యం అంటున్నరు. మా చిన్నది గూడ సూసింది సిస్టర్ ఆ వీడియో."

డ్యూటీ డాక్టర్ దగ్గరికి వెళ్లి, పాత షీట్‌లో రాసింది తప్పని రాయమన్నాను. "క్వశ్చన్ మార్క్ పెట్టాను కదా సిస్టర్," అన్నాడు. ఆ క్వశ్చన్ మార్క్‌కు జవాబు వెతకడం ఎవరి పని సార్ అని అందరి ముందే అడిగాను. పందొమ్మిదేళ్లలో డాక్టర్ మీద నేను గొంతు పెంచింది అదే మొదటిసారి. అతను షీట్ లాక్కుని, కింద సరిదిద్ది, సంతకం పెట్టి వెళ్లిపోయాడు. తర్వాత నెల రోజులు నాతో మాట్లాడలేదు.

ఆఫీసులో అడిగితే అలాంటి సర్టిఫికెట్ ఉండదన్నారు. నేనే తెల్లకాగితం మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాశాను. ఈయన పడిపోయింది మందు తాగి కాదని, ఆపరేషన్ తర్వాత తగ్గించాల్సిన మందులు తగ్గించకపోవడం వల్లనని. పెద్ద డాక్టర్ చదివి, సంతకం పెట్టి స్టాంపు వేశారు. రాజమౌళి దాన్ని గ్రూపులో పెట్టాడు. సంఘం నూలు ఇచ్చింది. మూడు వారాలకు మళ్లీ గుంటలో దిగాడు. వీడియో తీసినవాడు మాత్రం క్షమించమని అనలేదు, వీడియో తీసేయనూ లేదు.

నా కోపం అక్కడితో ఆగితే బాగుండేది. తర్వాతి వారం మా వార్డులోనే ఇంటికి వెళ్లబోతున్నవాళ్ల డిశ్చార్జ్ సమ్మరీలు తీసి చదివాను. అదే ఇంగ్లీషు. అవే చీమంత అక్షరాలు. 'దగ్గరి డాక్టర్‌ను సంప్రదించండి' అన్న అదే వాక్యం, అదే చివరి పేజీ. ఇన్నేళ్లూ వాటికి పిన్ను కొట్టి, "అన్నీ ఇందులో ఉన్నయి," అని చెప్పి చేతికిచ్చి పంపింది నేను. ఎంతమంది ఇళ్లలో పడిపోయారో నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు.

ఇప్పుడు నేనున్న షిఫ్టులో ఏ రోగీ ఊరికే కాగితం పట్టుకుని గడప దాటడు. ఏ గోలీ ఆపాలి, ఏది వేసుకోవాలి, ఏమైతే పరిగెత్తుకు రావాలి, ఇవన్నీ అతనో ఇంటివాళ్లో తమ మాటల్లో నాకు తిరిగి చెప్పాలి. చెప్పలేకపోతే నేను మళ్లీ చెబుతాను. బెడ్లు ఖాళీ చేయడం ఆలస్యమవుతోందని మేనేజ్‌మెంట్ రెండుసార్లు మెమో ఇచ్చింది.

ఆలస్యమవుతుంది. కానివ్వండి.