గుప్పెడు ఉప్పు, చన్నీళ్ళు

హోటళ్ళ దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో ఆమెది ఇరవై ఏళ్ళుగా రోలరు దగ్గర పని. రెండు వేడి ఉక్కు రోలర్లు మెల్లగా తిరుగుతుంటే, తడి దుప్పటి అంచు పట్టి వాటి మధ్యకు అందించాలి. అవతలి వైపు నుంచి అది ఆవిరి కక్కుతూ, అప్పుడే తెల్లారినంత తెల్లగా బయటికి వచ్చేది. చేయి మరీ దగ్గరికి వస్తే యంత్రాన్ని ఆపేసే కడ్డీ ఒకటి ఉండేది. మాటిమాటికీ ఆగితే పని తెమలదని సూపర్వైజరు దాన్ని దుప్పటి పీలికతో పైకి కట్టేయమన్నాడు. ఆ ముడి వేసింది ఆమే.

ఒక మధ్యాహ్నం దుప్పటితో పాటు ఆమె కుడిచేయి కూడా లోపలికి వెళ్ళింది.

సూపర్వైజరే ఆస్పత్రికి తీసుకెళ్ళి, ఇంట్లో దెబ్బ తగిలిందని రాయించాడు. కాదనడానికి ఆమెకు స్పృహ లేదు. మణికట్టు దాకా తీసేశారు.

నాలుగో రోజు మరకలక్క చూడ్డానికి వచ్చింది. లాండ్రీలో అందరూ పిలిచే పేరది. సిరా అయినా తుప్పు అయినా, ఆమె చేతిలో పడ్డ మరక బతికి బట్టకట్టదు. ప్రమాదం రోజు ఆమె కట్టుకున్న ఏప్రాన్‌ను ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చింది; సంచిలోంచి తీసి మంచం మీద పెట్టింది.

"నెత్తురు చుక్క కూడా లేదు చూడవే. రోలరు కూడా తుడిచేశా. ఆ పీలిక విప్పి పారేశా, నువ్వు కట్టావని తప్పు నీ మీదకు తోస్తారేమోనని."

ఆమె ఎడమచేత్తో ఏప్రాన్ నిమిరింది. "నీ చేతిలో పడ్డాక ఏది మిగులుతుందిలే అక్కా" అంది.

నష్టపరిహారానికి కేసు వేశాక గానీ తెలియలేదు, ఏమీ మిగలలేదని. ఆ రోజు ఆమె రోలరు దగ్గరే లేదన్నాడు యజమాని ప్లీడరు. "ఆ పీలికే మనకు సాక్ష్యం అయ్యేదమ్మా" అంది ఆమె తరఫు ప్లీడరమ్మ. "ఇక కళ్ళారా చూసినవాళ్ళు వచ్చి చెప్పాలి. లేకపోతే కేసు నిలవదు."

చూసింది మరకలక్క ఒక్కతే. ఆమె ఇల్లు గడిచేదీ ఆ ఉద్యోగం మీదే. రోజూ వచ్చి ఈమెకు జడ వేసి వెళ్ళేది. వారం గడిచినా ఈమె సాక్ష్యం మాట ఎత్తలేదని, ఒకరోజు జడ అల్లుతూ మరకలక్కే అడిగింది.

"ప్లీడరమ్మ అంతా చెప్పింది. నన్నెందుకు అడగవే?"

"అడిగితే కాదనవని."

మరకలక్క జడ చివరిదాకా అల్లి ముడి వేసింది.

విచారణ రోజు మరకలక్క లాండ్రీ బట్టల్లోనే వచ్చి, ఏప్రాన్ ఉతికిందీ రోలరు తుడిచిందీ పీలిక విప్పి పారేసిందీ తనేనని చెప్పింది.

"అంటే సాక్ష్యం మాయం చేశావన్నమాట" అన్నాడు యజమాని ప్లీడరు.

"మాయం కాదండీ, ఉతికాను. నెత్తురుకి వేడినీళ్ళు తగిలితే పట్టేస్తుంది. చన్నీళ్ళలో గుప్పెడు ఉప్పేసి నానబెట్టా. నీళ్ళు మూడుసార్లు మార్చా. రోలరు చల్లారేదాకా ఆగి తుడిచా. దానికి చర్మం అంటుకుని ఉంది." సూపర్వైజరు వైపు చూసింది. "ముడి వేసింది తనే. వేయించింది ఆయన."

సూపర్వైజరు తల దించుకున్నాడు. విచారిస్తున్న అధికారి రాయడం ఆపి, "అంత శ్రద్ధగా ఎందుకు ఉతికారమ్మా?" అని అడిగాడు.

"తనకు మాసిన బట్ట ఇష్టం ఉండదు సార్."

ప్రమాదం పనిలోనే జరిగిందని ఆయన తీర్పు రాశాడు. ఆ సాయంత్రమే మరకలక్కను రేపటి నుంచి రావద్దన్నారు.

ఇప్పుడు ఇద్దరూ కలిసి చుట్టుపక్కల ఇళ్ళ దుప్పట్లు ఉతుకుతున్నారు. మొదటిరోజు ఆరిన దుప్పటి మడవడానికి చెరో వైపు నిలబడ్డారు. ఆమె అలవాటుగా రెండు చేతులూ చాచింది. కుడివైపు అంచు గాలిలో ఒక్క క్షణం నిలిచి, జారి మట్టిలో పడింది.

"మరకైంది అక్కా."

మరకలక్క వంగి అంచు అందుకుంది. నీళ్ళ వైపు చూసింది. వెళ్ళలేదు.

"ఈ మరకను కాసేపు ఉండనీవే" అంది.