నేను లేనని నేనే చెప్పిన రోజు

ఆ రోజుల్లో మా వైపు పిల్లలు అమ్మా, నాయనా అన్నాక నేర్చుకునే మూడో మాట "తెలవదు". బాసగూడ దాటి అడవి దారిన పోతే వచ్చే మా పల్లెలోకి కొత్త మొహం ఎవరైనా వచ్చి, ఫలానా మనిషి ఇల్లెక్కడ అంటే చాలు, తెలుగులో అడిగినవాళ్ళకు తెలుగులో, హిందీలో అడిగినవాళ్ళకు హిందీలో ఆ ఒక్క జవాబే దొరికేది. అడిగేవాళ్ళు పోలీసుల మనుషులో, అడవిలోని అన్నల మనుషులో, మనం చెప్పామని రేపు ఇంకెవరొచ్చి నిలదీస్తారో అన్న భయం అది. (దారిలో ఎదురైన మా సర్పంచినే ఆపి సర్పంచి ఇల్లెక్కడని అడిగితే, ఆయన కాసేపు ఆలోచించి మరీ తెలవదన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.) ఈ విద్యలో మా పెద్దనాయన ఊరందరికీ గురువు. నేను అమ్మతో పాటు ఆయన ఇంట్లోనే పెరిగిన శిష్యుణ్ణి.

అలాంటి ఊరి నుంచి నేను మస్కట్ పోదామనుకున్నాను. గనుల టౌన్‌షిప్‌లో నాకు వెల్డింగ్ నేర్పిన ఉస్తాద్ అప్పటికే అక్కడ ఉన్నాడు. ఒకరోజు ఫోన్ చేసి, "మా కంపెనీల ఒక చోటు ఖాళీ ఉన్నది. వానలకు ముందే రావాలె. పాస్‌పోర్ట్ ఉన్నదా?" అన్నాడు. లేదంటే ఆ చోటు ఇంకొకడికి పోతుందని "వస్తున్నది ఉస్తాద్" అన్నాను. (అప్పటికి దరఖాస్తే పెట్టలేదు.) ఆవపల్లిలో సైకిల్ రిపేరు దుకాణం నడిపే మా మామకు కాగితాల వ్యవహారమంటే పండగ. ఆధార్ కార్డు, మార్కుల కాగితం, ఈ ఊరివాణ్ణేనని చెప్పే నివాస ప్రమాణ్ పత్ర్, వాటి నకళ్ళు, ఆ నకళ్ళకు మళ్ళీ నకళ్ళు, అన్నీ ప్లాస్టిక్ సంచిలో చుట్టి, జగదల్‌పూర్ దాకా బస్సులో చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. అక్కడ ఫోటో తీశారు, వేలిముద్రలు తీసుకున్నారు, ఇక పోలీసు విచారణ ఒక్కటే మిగిలిందన్నారు. "ఏమున్నదిరా, వాళ్ళే ఠాణాకు పిలుస్తరు, పోయి నిలబడి వస్తవు" అని మామ తేల్చేశాడు. ఆయన మాట వేదమనుకుని నేను ఊరికొచ్చి ఆ పిలుపు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను.

అది ఇప్పపువ్వు రాలే కాలం. ఒక పొద్దున నేను పువ్వు ఏరుకుని గంపతో ఇంటికొచ్చేసరికి వాకిట్లో మోటార్‌సైకిల్ ఆగి ఉంది. మామూలు చొక్కా ప్యాంటులో ఉన్న ఒకాయన నా పేరు, మా నాయన పేరు చెప్పి హిందీలో ఆరా తీస్తున్నాడు. మంచం మీద కూర్చున్న పెద్దనాయన చుట్ట కూడా తియ్యకుండా, "అసొంటోడు ఈ ఊళ్ళె ఎవడూ లేడు సాబ్" అన్నాడు. వచ్చినాయన నా వైపు తిరిగి, నువ్వు ఎరుగుదువా అతన్ని అని అడిగాడు. కొత్త మనిషి నోట నా పేరు అంత స్పష్టంగా వినేసరికి గంప కింద పెట్టడం కూడా మరిచిపోయాను. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ నేర్చిన విద్య ఎక్కడికి పోతుంది, "మాలూమ్ నహీ సాబ్" అన్నాను. అంతటితో నోరు మూసుకున్నా బాగుండేది. "ఎప్పుడో పనికి పోయిండంట, మళ్ళ రాలేదంట" అని నా తరఫున కొంత వివరం కూడా చేర్చాను. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి వెళ్ళిపోయాడు. పెద్దనాయన నా భుజం తట్టి, "శాన మంచిగ చెప్పినవ్ బిడ్డా" అన్నాడు. నేను నిజంగానే పొంగిపోయాను.

అన్నం తింటున్నప్పుడు అమ్మ అడిగింది. "పొద్దుగాల ఎవరి కోసం వచ్చిండంట ఆయన?"

"నా కోసమే."

"నీతోని ఏం పనంట?"

ముద్ద నోటి దాకా పోలేదు. పెద్దనాయన చెయ్యి కూడా పళ్ళెంలోనే ఆగిపోయింది. "పాస్‌పోర్టోడేమోరా" అన్నాడు మెల్లగా.

మరునాడు మామతో ఠాణాకు పోయాను. (దారి పొడుగునా మామ తన నుదురు కొట్టుకుంటూ, మధ్యమధ్య నా నెత్తి మీద కూడా ఒకటి వేస్తూ వచ్చాడు.) నిన్నటి మనిషే ఇప్పుడు ఖాకీలో ఉన్నాడు. నన్ను చూడగానే, "రా రా, పనికి పోయి తిరిగి రాని అబ్బాయివి నువ్వే కదా" అని నవ్వాడు. భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. ఆయన మంచివాడు. "నీ ఫోటో నా దగ్గరే ఉంది, చూస్తూనే పోల్చుకున్నాను. రిపోర్టు ఇంకా పంపలేదు. కానీ నువ్వున్నావని నువ్వే చెబితే చెల్లదు. నువ్వు లేవన్న ఆ పెద్దమనిషినే తీసుకురా. సాయంత్రం లోపల రాకపోతే ఊళ్ళో లేడనే పంపుతాను" అన్నాడు.

మా పెద్దనాయన సంతకు వచ్చినా ఆ ఠాణా గోడ పక్కన నడవడు, చుట్టూ తిరిగి పోతాడు. మస్కట్ కథ ఇక్కడికి ముగిసిందనుకున్నాను. మామ ఎవరిదో బండి అడిగి తెచ్చి, తను ఠాణా దగ్గరే ఆగాడు. నేను ఊరికి పోయి, పెద్దనాయన మంచం పక్కన కూర్చుని, "నువ్వు రాకపోతే నా నౌకరీ పోతది పెద్దనాయనా" అన్నాను. ఆయన లేచి ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. బండి మీద దారి పొడుగునా నా నడుము రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

ఠాణాలో ఆ పోలీసాయన నన్ను చూపించి, "ఈ అబ్బాయి ఎవరు దాదా?" అని, పెద్దవాళ్ళను పిలిచే మర్యాదతో అడిగాడు. పెద్దనాయన నన్ను చూశాడు, గోడను చూశాడు, తన కాళ్ళను చూసుకున్నాడు.

"తెలుసు సాబ్" అన్నాడు చివరికి. "నా తమ్ముని కొడుకు."

ఇక ఆగితే ఒట్టు. జన్మంతా ఎవరికీ ఏమీ చెప్పని మనిషి, దాచిందంతా ఆ బల్ల ముందు కుమ్మరించాడు. నేను వాగు పొంగిన రోజున పుట్టానని, ఇప్పచెట్టు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నానని, మేకలంటే నాకు భయమని, బడికి పోయే వయసులో కూడా పక్క తడిపేవాణ్ణని.

"బస్ దాదా, ఇంత అక్కర్లేదు" అన్నాడు పోలీసాయన కలం కింద పెట్టి.

"ఇంకా ఉన్నది సాబ్, రాసుకో" అన్నాడు పెద్దనాయన. తర్వాత గొంతు తగ్గించి, "మంచోడు సాబ్. వాణ్ణి పోనియ్యి" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. మామ కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. పోలీసాయన మాకు చాయ్ తెప్పించాడు. బయటికొచ్చాక గుండెల మీది బండ దిగిపోయి నేను నవ్వుతుంటే పెద్దనాయన, "నేను జర ఎక్కువ చెప్పిన్నా ఏంది?" అన్నాడు బెంగగా.

పాస్‌పోర్ట్ వానలకు ముందే వచ్చింది. (కొత్తగా వచ్చిన పోస్టు మనిషి నా ఇల్లడిగితే, పెద్దనాయన మొదట అతన్నే గట్టిగా విచారించి, తర్వాతే చెప్పాడట.) ఇక్కడ మస్కట్‌లో ఎవరైనా కొత్తవాళ్ళు మా గది తలుపు తట్టి నా పేరు అడిగితే ఈనాటికీ నా నాలుక ఒక్క క్షణం పాత దారి పడుతుంది. ఇప్పపువ్వు గంప పట్టుకుని, తను లేడని అంత నమ్మకంగా చెబుతున్న ఆ కుర్రవాడు కళ్ళ ముందు నిలబడతాడు. వాణ్ణి చూసి నవ్వుకునే లోపే వెనక నుంచి పెద్దనాయన "తెలుసు సాబ్" అంటాడు. అప్పుడు తలుపు తీసి, నేనేనని చెబుతాను.